మగ్గం గుంజ మీద రెండు గాట్లు

ఆదివారం పొద్దున్నే అంబదాస్ ఎత్తు కొలుచుకున్నాడు. వారం తిరిగేసరికి అతను రెండు వేళ్ల మేర కురచైపోయాడు!

కళ్లు నులుముకున్నాడు. మగ్గం గుంజకు మళ్లీ వీపు ఆనించి, మడమలు నేలకు అదిమి, నెత్తిమీద చెక్కబద్ద అడ్డంగా పెట్టి చూశాడు. అంతే. రెండు వేళ్లు మాయం.

గుంజ మీద నెల కిందట కత్తితో రెండు గాట్లు పెట్టింది అతనే. కింది గాటు తనది. పై గాటు గంగుబాయిది. గంగుబాయి అతని మేనమామ కూతురు. ఆదిలాబాద్ నుంచి లక్సెట్టిపేటకు వచ్చి, మేనత్తకు, అంటే అంబదాస్ తల్లికి, సాయంగా నూలు కండెలు చుడుతోంది. ఒకనాడు ఆమె ఆ గుంజకు ఆనుకుని కబుర్లు చెబుతుంటే, తల ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని, ఆమె వెళ్లగానే గాటు పెట్టాడు. ఆ గాటు అందుకున్న రోజే పెళ్లి అని ఒట్టు పెట్టుకున్నాడు.

ఇరవై నాలుగేళ్ల వయసులో పెరగడమంటే మాటలా! పచ్చి గుడ్లు మింగాడు. మంచిర్యాల స్టేషన్ దగ్గర ఎవడో అమ్మిన చూర్ణం నాకాడు. రోజూ పొద్దున మగ్గం దూలం పట్టుకుని నూరు లెక్కపెట్టేదాకా వేలాడాడు. ఫలితం? వారం వారం పెరిగాడు! పోయిన ఆదివారం తల నేరుగా గంగుబాయి గాటును తాకింది. ఆ రోజే ఆదిలాబాద్‌కు కార్డు రాసి పడేశాడు. "మామా, నేను తయార్. వచ్చి ముహూర్తం పెట్టు."

మామ ఇవాళ పదకొండు గంటల బస్సుకు దిగుతున్నాడు. ఇవాళే ఈ ఘోరం!

"అవ్వా! నిన్న నేను నూలుకు సంఘానికి పోయినప్పుడు గీ ఇంట్లకు ఎవలొచ్చిండ్రు?"

పొయ్యి ఊదుతున్న తల్లి లింగవ్వ తల తిప్పలేదు. "ఎవలస్తరు? ఏం పోయింది?"

"రెండు వేళ్లు!"

"చేతియా, కాళ్లయా?"

రాట్నం దగ్గర గంగుబాయి కిసుక్కున నవ్వింది. "జర మంచిగ ఎతుకు బావా. మంచం కింద పడ్డయేమో."

అంబదాస్ నవ్వలేదు. వంగి గుంజ మొదలు పరీక్షించాడు. అక్కడ మట్టి కొత్తగా అలికినట్టుంది. వేలితో గీరితే బండపలక అంచు తగిలింది. పక్కనే తాజా చెక్కపేళ్లు! ఆ వీధిలో చెక్క చెక్కే బాడిస ఉన్నది ఒక్కరి దగ్గరే. మగ్గాలు బాగుచేసే వడ్రంగి హనుమండ్లు.

వానలో ఒకటే పరుగు.

"హనుమండ్లన్నా! నా గుంజను ముట్టింది నువ్వేనా?"

"నేనే తమ్మీ. ఎత్తి కింద పలక పెట్టిన. రెండు వేళ్లు దిగవడ్డది."

"దిగవడ్డదా?"

"దిగవడదా మరి! ఇల్లు కురిసి నేలంత మెత్తగైంది. మీదికెళ్లి నువ్వు దినాం కోతిలెక్క దూలానికి ఏలాడుతవు. గుంజ దిగితే దానిమీది గాట్లు దిగయా? నువ్వు ఎదుగలే తమ్మీ. నీ మగ్గం దిగింది."

నెల రోజుల సంబరమంతా ఆ గుంజతో పాటే మట్టిలోకి పోయింది.

"నిన్ను పిలిచింది ఎవలు?"

"చెప్పనని మాటిచ్చిన. నా మీద ఒట్టు, అడుగకు."

దోషిని తర్వాత పట్టుకోవచ్చు. ముందు మామను ఆపాలి. అంబదాస్ బస్సు ఆగే చోటికి బయలుదేరాడు. వీధి మలుపులో, గోనెసంచి గొంగడిలా కప్పుకుని గంగుబాయి అడ్డంగా నిలబడి ఉంది.

"ఎటు బావా?"

"బస్సుకాడికి. మామను అటే ఎనుకకు తోలుత. నేను ఎదుగలే గంగూ. ఇంకా నీ నొసలుకాడనే ఉన్న."

"తెల్సు."

"తెల్సా!"

"నాకు కండ్లు లేవా? నెలసంది నేను నిలవడితే నువ్వు కూసుంటున్నవ్, నేను కూసుంటే నిలవడుతున్నవ్. నిన్ను సూసి సూసి నా మెడ నొచ్చింది."

"పెండ్లిల నలుగురు నవ్వుతరు. నిచ్చెన పక్కపొంటి పీట అంటరు."

"అననీ. బాపుకు ఏం చెప్తవో నీ ఇష్టం. గని నా పక్కపొంటి నడువు, తడుస్తున్నవ్."

గోనెసంచి ఇద్దరి మీదికీ వచ్చింది. నెల రోజుల తర్వాత ఆమె పక్కన నిలువుగా నడవడం ఇదే మొదటిసారి. ఆమె ముంగురుల నుంచి జారిన చినుకు ఒకటి సరిగ్గా అతని భుజం మీద పడింది. తుడుచుకోవాలని అనిపించలేదు.

బస్సు వచ్చింది. రామచంద్రం మామ తలుపు దగ్గర తల వంచి మరీ దిగాడు. ఆరడుగుల మనిషి.

"ఏమయ్యా అల్లుడా! కార్డు రాస్తివి. తయారేనా?"

అంబదాస్ మడమలు వాటంతటవే లేచాయి. గంగుబాయి అటు చూడలేదు. గోనెసంచి అంచును మాత్రం గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు కాదంటే ఈ మామ తిరుగు బస్సు ఎక్కుతాడు, పక్కనున్న మనిషిని కూడా ఎక్కిస్తాడు. అంబదాస్ మడమలు మెల్లగా బురదలోకి దించాడు.

"తయారే మామా. గని ఒక్క మాట. గంగు నాకంటే రెండు వేళ్లు పొడుగు. పెండ్లినాడు గూడ గంతే ఉంటది. నీకిష్టమైతేనే ముహూర్తం పెట్టు."

రామచంద్రం అతన్ని ఎగాదిగా చూశాడు. "గీ ముచ్చట చెప్పనీకి వానల తడుసుకుంట వచ్చినవా? పుట్టినప్పటిసంది సూస్తలేనా నిన్ను? నేనేమన్న ఎడ్లకు జత కలుపుతున్ననా? నడువుండ్రి, మా అక్క చాయ పెట్టిందో లేదో!"

మామ పెద్ద పెద్ద అంగలతో ముందుకు సాగాడు. అంబదాస్ వెనకే ఆగాడు.

"గంగూ, ఒక్కటి తెల్వాలె నాకు. హనుమండ్లన్నను పిలిచింది ఎవలు?"

గంగుబాయి వానవైపు చూసింది. తర్వాత నేరుగా అతని కళ్లలోకి చూసింది.

"నేనే బావా. నువ్వు నూలుకు సంఘానికి, అత్త అంగడికి పోంగనే ఉరికిపోయి తోలుకొచ్చిన. నువ్వు గాటు అందిందని మురిసిన నాడే గుంజ దిగిందని నాకెరుక. అంత సంబురపడుతుంటే చెప్పబుద్ధి కాలే. గని కార్డు రాసినంక భయమైంది. ఎవలో పొడుగు మనిషి నన్ను చేసుకోనీకి వస్తుండు, నా బావ ఎటో పోయిండు అనిపించింది. గాయన నాకక్కెరలేడు. ఇంట్ల మా బాపు మాట్లాడితే దూలంతోటి చెప్పినట్టుంటది. నువ్వు మాట్లాడితే నాతోటి చెప్పినట్టుంటది. గందుకే నిన్ను నీ ఎత్తుకు దించిన. కోపమొస్తే ఇంటిదాక తిట్టుకుంట రా. గని గీ సంచి కిందనుంచి పక్కకు పోకు."