పదకొండో పడవ

ముప్పై రెండు పళ్ళూ ఉన్నంతకాలం మనిషికి వాటి విలువ తెలియదు. ఒక్కటీ లేనినాడు వాటి విలువ తప్ప మరేమీ తెలియదు. సామ్రాజ్యాల పతనానికి కారణాలు వెతికిన పండితులు చక్రవర్తుల నోళ్ళు తెరిచి చూడకపోవడం చరిత్ర చేసుకున్న దురదృష్టం.

ఈ కథలో చక్రవర్తి స్థానంలో ఒక రిటైర్డు హెడ్‌మాస్టారున్నారు. ఊళ్ళోని ఆసుపత్రిలో కట్టుడు పళ్ళకు కొలతలిచ్చి మూడు వారాలైంది. వేయించిన పల్లీలను నమలలేక, వదులుకోలేక, ఒక్కొక్కటే బుగ్గన పెట్టుకొని, "ఇంకా నానలేదే అమ్మడూ" అని ఆయన రోజూ కూతురికి నివేదించేవారు. ఆ కూతురు అదే ఆసుపత్రి మూడో అంతస్తులో, గొంతు ఆపరేషన్లు చేసే విభాగంలో, చిన్న డాక్టరు. ఇరవై రెండో నివేదిక విన్న మధ్యాహ్నం, బయట వాన మొదలుపెట్టిన ఉరుముల్ని తాను పూర్తి చేస్తానన్నట్టుగా, ఆమె మెట్లన్నీ దిగి నేలమాళిగలోని పళ్ళ తయారీ గదిమీదికి దండెత్తింది.

అక్కడ స్పిరిట్ దీపం వెలుగుతోంది. బల్లనిండా గులాబీరంగు మైనపు పలకలు. అరల్లో వరుసగా ప్లాస్టర్ దవడలు, లోకంలో ఎవరి కష్టమూ తమకు పట్టనట్టు నవ్వుతున్నాయి. వాటి మధ్య ఒక యువకుడు వంగి కూర్చొని చిన్న కత్తితో ఏదో చెక్కుతున్నాడు. ఆసుపత్రంతా అతన్ని మైనం మాస్టారంటుంది.

"మా నాన్నగారి పళ్ళెక్కడ?"

అతను తలెత్తలేదు. "నోట్లో ఉన్నప్పుడే జాగ్రత్తగా చూసుకోవాల్సిందండీ."

"జోకా? మూడు వారాలైంది!"

"జోకు కాదండీ, క్యూ. ఆయన ముందు పదిహేడు నోళ్ళున్నాయి."

"నేనెవరో తెలుసా? థర్డ్ ఫ్లోర్ సర్జన్ని."

"అయితే లిఫ్ట్‌లో రావాల్సింది. ఊపిరి ఆడట్లేదు చూడండి. దానికి మందిచ్చే డిపార్ట్‌మెంట్ కూడా పైనే ఉందిట."

ఆమె పళ్ళు నూరింది. నూరడానికి ఆమెకింకా ఉన్నాయి. తగిన జవాబు కోసం నోరు తెరుస్తూ అతని చేతులవైపు చూసింది. మైనంలోంచి ఒక కోరపన్ను, ఎప్పటినుంచో అందులోనే దాక్కొని ఇప్పుడే బయటికి వస్తున్నట్టు, తేలి వస్తోంది.

"అది... చేత్తోనే చెక్కారా?"

"కాలితో ఇంకా ప్రాక్టీసు కాలేదండీ."

ఆమె మామూలుగానైతే ఈ మాటకు తలుపు ధడాలున వేసి వెళ్ళేది. వెళ్ళకపోవడానికి కారణం పిల్లల వార్డులో, పదకొండో నంబరు మంచంమీద ఉంది.

ఆ పాపకు నాలుగేళ్ళు. నెలలు నిండకుండా పుట్టి, చాలాకాలం గొంతులో గొట్టంతో యంత్రం మీద ఊపిరి తీసుకుంది. గొట్టం ఒరుసుకున్నచోట మచ్చకట్టి, స్వరపేటిక కింద దారి పెన్సిల్ ములుకంత మిగిలింది. అందుకని మెడకు రంధ్రం చేసి అక్కడొక గొట్టం అమర్చారు. ఊపిరి ఆ గొట్టంలోంచి సన్నగా ఈల వేస్తూ పోతుంది కాబట్టి వార్డులో పాప పేరు ఈలపాప. గాలి స్వరపేటికదాకా చేరదు. పాప ఏడిస్తే కన్నీళ్ళు కనిపిస్తాయి, ఏడుపు వినిపించదు.

"ఒక్కసారి ఇది గొంతెత్తి ఏడిస్తే వినాలని ఉంది డాక్టరమ్మా," అంటుంది అమ్మమ్మ. "పిల్లలు ఏడుస్తున్నారని విసుక్కునేవాళ్ళని చూస్తే నాకు కుళ్ళు."

దీనికొక ఆపరేషనుంది. ఇరుకైన శ్వాసనాళాన్ని ముందువైపు నిలువునా తెరవాలి. పాప పక్కటెముక నుంచే మృదులాస్థి ముక్క తీసి, పడవ ఆకారంలో చెక్కి, తెరిచిన సందులో అతుకువేసి కుట్టాలి. దారి వెడల్పవుతుంది. ముక్క దొరికేది ఒక్కటే; పాడైతే మరొకటి అడిగి తెచ్చుకునే దుకాణం లేదు.

ఆ విభాగానికి అధిపతి అయిన పెద్ద డాక్టరుగారు విషయం దాచలేదు. "అమ్మాయ్, నా వేళ్ళు కోస్తాయి, కుడతాయి. ఇంత చిన్న చెక్కుడు పని వాటివల్ల కావడం లేదు. పది పడవలు చెక్కి చూపించు. పదీ బాగుంటే పాప పడవ నీదే. లేదంటే బయటినుంచి సర్జన్ వచ్చేదాకా, అంటే వచ్చే ఏడాదిదాకా, ఆగాల్సిందే."

ఆమె సబ్బుతో చేసిన మొదటి నౌకను ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "రెండో కాలి చెప్పు ఏదీ?" అన్నారు.

అందువల్ల ఆ మధ్యాహ్నం పళ్ళకోసం వచ్చిన వీరనారి స్టూలు లాక్కొని కూర్చుంది.

"నాకు చెక్కడం నేర్పుతారా?"

"మరి మీ నాన్నగారి పళ్ళు?"

"ఆయన ఆగుతారు," అంది ఆ సుపుత్రిక.

అలా రోజూ సాయంత్రం ఒక గంట పాఠం మొదలైంది. అతను మొదట నేర్పింది చెక్కడం కాదు, చెక్కకపోవడం.

"మైనానికి జ్ఞాపకశక్తి ఎక్కువండీ. ఒక పక్కే గీరితే అలిగి అటు వంగుతుంది. రెండు పక్కలా సమానంగా తీయాలి. తీశాక పావుగంట ముట్టుకోకూడదు. దాని అసలు గుణం అప్పుడు బయటపడుతుంది."

"మృదులాస్థి కూడా అంతే. ఈ పావుగంట మనమేం చెయ్యాలి?"

"మాట్లాడుకోవచ్చు. దానికి చెవుల్లేవు."

వైద్యశాస్త్రం ఇంతవరకు గుర్తించని విషయమేమిటంటే, ప్రేమకు పట్టే సమయం సరిగ్గా పావుగంట. కాకపోతే అది రోజుకొకటి చొప్పున చాలా రోజులు కావాలి. ఆ పావుగంటల్లో అతనికి చీకటంటే భయమని ఆమెకూ, ఆమె ప్రతి ఆపరేషనుకు ముందు బాత్రూంలో లెక్కల ఎక్కాలు వల్లిస్తుందని అతనికీ తెలిసింది. తరువాత ఒకరి పడవను మరొకరు కొలిచి, ఎర్ర పెన్సిల్‌తో చీటీమీద తప్పులు రాసేవారు. దయాదాక్షిణ్యాలు ఉండకూడదని ఒప్పందం.

పది పడవలూ పెద్ద డాక్టరుగారి బల్లమీద నిలిచాయి. "ఇవి చెప్పులు కావు," అని ఆయన ఒప్పుకున్నారు.

పాఠాలు అయిపోయాయన్న బెంగతో మైనం మాస్టారు రెండు సాయంత్రాలు కూర్చొని పదకొండో పడవ చెక్కాడు. అద్దంలా మెరుగుపెట్టాడు. పళ్ళసెట్లు పెట్టే నీలం డబ్బాలో దూది పరిచి, దానిమీద పెట్టి, "నిజం రాయండి" అన్న చీటీతో ఆమె బల్లమీద ఉంచి వచ్చాడు. మానవుడు భాష కనిపెట్టి ఎన్నో వేల ఏళ్ళయ్యాక, దాన్ని పక్కనపెట్టి మనసులో మాటను మైనంతో చెప్పబోవడం సాహసమే.

మర్నాడు డబ్బా తిరిగొచ్చింది. చీటీమీద ఎర్రగా ఇలా ఉంది: "పొడవు ఒక మిల్లీమీటరు ఎక్కువ. అంచు చాలదు, లోపలికి జారుతుంది. పనికిరాదు."

అతను డబ్బా మూసి అరలో ప్లాస్టర్ దవడల వెనక పెట్టేశాడు. ఆరోజు ఆమె ఫోన్ చేసి, "రేపే ఆపరేషన్. నాకు ధైర్యం చెప్పరా?" అంటే, "ఆల్ ది బెస్ట్ మేడమ్," అన్నాడు. అంతవరకు ఎన్నడూ వినపడని ఆ 'మేడమ్' ఎక్కడినుంచి ఊడిపడిందో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు ఆపరేషన్ థియేటర్లో మృదులాస్థి ముక్క ఆమె చేతికొచ్చింది. రెండు పక్కలా సమానంగా చెక్కింది. ఉప్పునీళ్ళ గిన్నెలో వేసి చేతులు కట్టుకొని నిలబడింది.

"ఏంటమ్మాయ్ ఆగావు?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"పావుగంట దీన్నెవరూ ముట్టుకోకూడదు సార్."

"ఏ పుస్తకంలో ఉందది?"

"బేస్‌మెంట్‌లో ఉంది సార్."

మాట్లాడుకోవడానికి అవతల మనిషి లేని మొదటి పావుగంట అది. అందుకని ఆలోచించాల్సి వచ్చింది. ప్రాక్టీసు పడవకు మెరుగెవరు పెడతారు? దూదిమీద ఎవరు పడుకోబెడతారు? పన్నెండో నిమిషంలో ఆమె మాస్కు వెనక నుంచి "అయ్యో!" అని వినిపించింది.

"ఏమైంది?" అని పెద్ద డాక్టరుగారు అదిరిపడ్డారు.

"ఏం లేదు సార్. కొలవకూడనిది కొలిచాను."

గిన్నెలోకి చూస్తే ముక్క ఒక కొసన వెంట్రుకవాసి వంగి ఉంది. తొందరపడి కుట్టి ఉంటే ఆ వంపు పాప గొంతులో బయటపడేది. రెండో పక్క పలచగా తీసింది, మళ్ళీ ఆగింది. ఈసారి వంగలేదు. సన్నటి పొర ఉన్న వైపు లోపలికి, అంచులు బయటికి వచ్చేట్టు పడవను అమర్చి కుట్టారు. మెడ గొట్టం తీసేసి, రంధ్రం మూసి, ముక్కులోంచి సన్నటి గొట్టం ఊతంగా ఉంచి, వారం రోజులు పాపను కదలనివ్వలేదు.

ఎనిమిదో రోజు పొద్దున ఆ గొట్టం తీశారు. మెడలో ఈల లేదు. మంచం చుట్టూ ఎవరూ ఊపిరి తీసుకోలేదు. పాప తీసుకుంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఎదురుగా ఉన్న చిన్న డాక్టరును ఎగాదిగా చూసి, బొంగురుగా, నాలుగేళ్ళ బాకీ తీరేట్టు అరిచింది:

"పో!"

ఆ వెంటనే ఏడుపు లంకించుకుంది. వార్డు దద్దరిల్లింది.

"విన్నావా డాక్టరమ్మా, నిన్నే!" అని అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఏడవనీ, ఎవరూ ఊరుకోబెట్టకండి!"

పొమ్మన్నారు కాబట్టి డాక్టరు బయటికి వచ్చింది. తలుపు పక్కన, వాన చినుకులు కొడుతున్న కిటికీ దగ్గర, మైనం మాస్టారు నిలబడి ఉన్నాడు. ఏడుపు వినడానికే వచ్చాడట.

"ఆ పదకొండో పడవేది?"

"పనికిరాదన్నారుగా మేడమ్."

"మళ్ళీ మేడమా! నేనన్నది పడవని. మిమ్మల్ని కాదు. ఈ సంగతి థియేటర్లోనే తెలిసింది."

"తెలిసి వారం రోజులు చెప్పలేదా?"

"అతుకేశాక వారం కదిలించకూడదు. ఏదీ, ఇవ్వండి. ఈసారి కొలవను."

అతను నేలచూపులు చూశాడు. "కరిగించేశాను."

"దేనికి?"

"మీ నాన్నగారి పళ్ళకి. మైనపు అచ్చు రెడీ. రేపు నోట్లో పెట్టి చూడ్డమే."

ఆమె ఎంతోసేపు ఆలోచించలేదు. "దాన్ని కరిగించి నా పడవ నాకు చెయ్యండి."

"పాపమండీ, ఆయన..."

"ఆయన ఆగుతారన్నానుగా!"

హెడ్‌మాస్టారు పల్లీ ఒకటి బుగ్గన పెట్టుకొని సంగతంతా విన్నారు. "అబ్బాయి పని నెమ్మదైనా నిఖార్సుగా ఉంటుందని ఊళ్ళో అంటారు. మొదటి సగానికి నేనే సాక్షిని. చేసుకోవే అమ్మడూ," అని దీవించారు.

పెళ్ళి ఫొటోలో ఈలపాప నోరు తెరిచి ఎవరినో కేకలేస్తోంది. పక్కన అమ్మమ్మ, పెద్ద డాక్టరుగారు, వధూవరులు పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వుతున్నారు. హెడ్‌మాస్టారొక్కరే నోరు గట్టిగా మూసుకొని ఉన్నారు. ఒకసారి కరిగించిన అచ్చు తిరిగి క్యూ చివరికి వెళ్తుంది. ఆయన ముందు ఇంకా తొమ్మిది నోళ్ళున్నాయి.