డిసెంబరు పద్నాలుగు, ఒకటే హాలు

"ఇద్దరికీ ఒకే రోజు హాలిచ్చినవ్. ఒక్క మండపంల రెండు పెండ్లిళ్లు చేపిస్తవా?"

ప్రతీక్ష శైలేష్‌తో అన్న మొదటి మాట అది.

కామాఠిపురా పదకొండో గల్లీలోని తెలుగు సమాజం హాలును రెండు చోట్ల బుక్ చేసుకోవచ్చు. ఒకటి హాలు ఆఫీసు, రెండోది వర్లిలో తెలుగువాళ్లుండే చాల్. శైలేష్ తనకు కంప్యూటర్ క్లాసులో ఇచ్చిన శాంపిల్ ప్రోగ్రాం మార్చి రెండు చోట్లా పెట్టాడు. సర్వర్ హాల్లోనే ఉంది. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే తేదీ అడిగితే, అది ఇద్దరికీ ఇచ్చేసింది.

"శాంపిల్‌ల లాక్ లేదు," అన్నాడు శైలేష్.

"నీ తలకాయల గుడ లేదు. జరుగు."

ఆమె అంధేరీలో డేటాబేస్ ఉద్యోగం చేస్తుంది. హాలు సెక్రటరీ తారాబాయి మనవరాలు. మూడు ఆదివారాలు ఇద్దరూ ఒక బల్ల ముందు కూర్చున్నారు. ముందు అడిగినవాళ్ల కోసం తేదీకి లాక్ పడాలి, రెండోవాళ్లు ఆగాలి, తర్వాత 'ఖాళీ లేదు' అని చెప్పాలి. తారాబాయి ఇంకొకటి రాయించింది: బుకింగ్ రద్దు కావాలంటే రెండిళ్లవాళ్లూ సంతకం పెట్టాలి. అది సమాజం రూలు.

"కాయ్ రే, కీబోర్డు మీద వడాపావ్ తింటవా?" అంది ప్రతీక్ష.

"నువ్వు చాయ్ పోసినవ్ కద, పోయిన వారం!"

బయట వాన. సమాజం వాళ్లకు చూపించే డెమో అయిపోతే ఈ ఆదివారాలు ఉండవు. శైలేష్ ఆ తర్వాత కూడా కలుద్దామని అనాలనుకుంటూ మూడో ఆదివారం కూడా అనలేదు.

డెమో రోజు హాలుకు రెండు చివర్లా రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టారు. ఒకటి వర్లి, ఒకటి కామాఠిపురా అన్నమాట.

"తేదీ డిసెంబరు పద్నాలుగు. పేర్లు ఏమన్న కొట్టుండ్రి. నేను మూడనంగనే నొక్కాలె," అంది తారాబాయి.

వర్లి వైపున్న శైలేష్ పెండ్లికొడుకు గడిలో తన పేరు కొట్టాడు. పెండ్లిపిల్ల గడిలో ప్రతీక్ష అని కొట్టాడు. ఎలాగూ తర్వాత చెరిపేసే వరుస.

"ఒకటి, రెండు, మూడు!"

అతని తెర మీద 'ఖాళీ లేదు' అని వచ్చింది. అటు నుంచి ప్రతీక్ష "బుక్ అయింది!" అని అరిచింది. హాలంతా చప్పట్లు. శైలేష్ ఊపిరి పీల్చుకున్నాడు. తన పేర్లు ఎవరూ చూడరు.

"దొరకనోళ్లు కొట్లాటకొస్తే?" అంది తారాబాయి. "ఎవలు ముందడిగిన్రో తెలుస్తదా?"

"తెలుస్తదవ్వ. అడిగినోళ్లందరి పేర్లు సర్వర్ లాగ్ పట్టీల..." ప్రతీక్ష ఆగిపోయింది.

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తారాబాయి అప్పటికే సర్వర్ ముందు కళ్లద్దాలు పెట్టుకుంది. పైకే చదివింది.

"వర్లి. శైలేష్, ప్రతీక్ష. ఖాళీ లేదు."

ఎవరో ఈల వేశారు.

"కామాఠిపురా." ఆమె తెరకు ఇంకా దగ్గరగా వంగింది. "శైలేష్, ప్రతీక్ష. బుక్ అయింది."

శైలేష్ హాలు ఆ చివరకు చూశాడు. ప్రతీక్ష ల్యాప్‌టాప్ మూత వెనక ముఖం దాచుకుంది.

"టెస్ట్ కోసమవ్వ," అన్నాడు. "చెరిపేస్త."

"నువ్వెట్ల చెరిపేస్తవ్? రెండిండ్లోళ్ల సంతకాలు కావాలె."

ల్యాప్‌టాప్ మూత కొంచెం దిగింది. "నేనైతే పెట్టను," అంది ప్రతీక్ష.

"నేను గుడ పెట్ట," అంది తారాబాయి. "అరే శైలేష్, నిలబడి చూస్తవేంది? పోయి మీ అమ్మను తోల్కరా."

శైలేష్ గొడుగు మరిచి వానలో పరుగెత్తాడు.