వదులు చేసిన కుట్లు

మూడు రోజులుగా కూతురి పళ్లెం పెట్టింది పెట్టినట్టే తిరిగి వస్తోంది. ఇవాళ గది ఊడుస్తుంటే మంచం కింద పదకొండు ఖాళీ బిస్కెట్ పొట్లాలు దొరికాయి. బట్టలు కుట్టే ఆ తల్లి వాటిని కొంగులో మూటగట్టింది. పస్తులుండే పిల్లకు ఇన్ని పొట్లాలేమిటి?

ఆఫీసు నుంచి కూతురు వచ్చీ రాగానే తల్లి అడిగింది. "అన్నం వద్దంటావు, ఇవేంటమ్మా?"

కూతురు గోడకు చేరగిలబడింది. ఫోనులో జనం ఫిర్యాదులు వినడం దాని ఉద్యోగం. "రోజంతా ఎవరెవరో తిడతారమ్మా. తిట్లు తిన్న రోజు చేతికందింది తినేస్తా, ఆపుకోలేను. మర్నాడు నా మీద నాకే అసహ్యం... పస్తుంటా. నాలుగు నెలలుగా ఇదే వరస. పస్తులు పనిచేస్తున్నాయిగా, బట్టలన్నీ వదులయ్యాయి. సన్నబడ్డావని నువ్వే అన్నావు."

తల్లి చూపు కూతురి చొక్కా పక్క కుట్ల మీద పడింది. మంచం మీద నాయనమ్మ దగ్గింది. "చెప్పవమ్మా కోడలా. ఎన్నాళ్లు దాస్తావు?"

చెప్పక తప్పలేదు. బట్టలు బిగుతయ్యాయని పిల్ల అద్దం ముందు కళ్లనీళ్లు పెట్టుకోవడం చూడలేక, అది ఆఫీసుకు వెళ్లాక ఒక్కొక్క చొక్కా పక్క కుట్లు విప్పి, లోపలి మడత వదిలి, మళ్లీ కుట్టేది. సంతోషిస్తుందనుకుంది. ఆ మేలే పస్తులకు మెచ్చుకోలు అయింది. అందరి కొలతలూ తెలిసిన మనిషికి కడుపున పుట్టినదాని కష్టం తెలియలేదు!

"తప్పు నాదే తల్లీ," అంటూ ఏడ్చేసింది.

కూతురు ఒంటిమీది చొక్కా పక్కలు తడుముకుంది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "నాలుగు నెలలు కడుపు మాడ్చుకుంటే, సన్నబడింది నీ కుట్టుమడతలా అమ్మా?"

"మా కాలంలో అత్తలు మాడ్చేవాళ్లు," అంది నాయనమ్మ. "ఇప్పుడు మీకు ఆ సాయం కూడా అక్కర్లేదు."

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామా? నేనూ వస్తా," అంది తల్లి.

"వెళ్దాం. చొక్కాలు మాత్రం ఇలాగే ఉంచు. ఊపిరాడుతోంది."

ఇప్పుడు ఆ ఇంటి గుమ్మంలో "తిన్నావా?" అని ఎవరూ అడగరు. "ఇవాళ ఎవరు తిట్టారే?" అంటారు. కూతురు గొంతులు మార్చి ఆ తిట్లన్నీ వినిపిస్తుంది. నాయనమ్మ ఒక్కొక్కరికీ తగిన జవాబు చెబుతుంది. అన్ని రోజులూ ఒకలా ఉండవు, ఇప్పటికీ అప్పుడప్పుడు బిస్కెట్ పొట్లం వస్తూనే ఉంది. అయితే అది మంచం కింద ఉండదు. బల్ల మీద, ముగ్గురి మధ్యా ఉంటుంది.