పాకం డబ్బాలు

“ఇక పాకం డబ్బాలు రావండీ,” అంది వాళ్ల నాన్న కొట్టులో కూర్చున్న బ్లాంకా, తల ఎత్తకుండానే.

జేబులోంచి డబ్బు తీస్తున్న రాదిమ్ ఆగిపోయాడు. “రావంటే... ఈ వారమా?”

“ఎప్పుడూ! ఆర్డరు ఆపేశాం. ఇంటింటా బీరు తాగే మన పీసెక్ ఊళ్లో పుట్టి, ఇంకా ఎన్నాళ్లు డబ్బా మూత తీసి, పాకం నీళ్లలో కలిపి, ‘నేనూ బీరు కాచాను’ అని చెప్పుకుంటారు? ఇదిగో, అసలైన బార్లీ మాల్ట్. మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. ఒక్క బస్తా పట్టుకెళ్లండి, క్రిస్మస్ దాకా మళ్లీ ఈ గడప తొక్కే పనుండదు.”

ఆ చివరి మాటే అతన్ని చంపేసింది. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే మనిషి. గాలివానలో స్తంభం ఎక్కమన్నా ఎక్కుతాడు. కానీ రెండేళ్లుగా ప్రతి శనివారం ఈ కొట్టుకొచ్చి, “నమస్కారం, ఒక డబ్బా, థాంక్స్” తప్ప ఇంకో మాట పెగలని మొనగాడు.

“మర పట్టించి ఇవ్వనా?” అంది బ్లాంకా.

“వద్దండీ, నాకు తెలుసు.”

తెలుసా, వాడి మొహం! బస్తా భుజాన వేసుకుని, మొహం వేలాడేసుకుని ఇంటికి పోయాడు.

తర్వాతి శనివారం పొద్దున్నే వంటింట్లోంచి అమ్మ గసగసాల మర తెచ్చాడు. రెండు గంటలు తిప్పి తిప్పి గింజలన్నీ మెత్తటి పిండి చేశాడు. ఎంత మెత్తగా ఉంటే అంత తీపి దిగుతుందని అతని లెక్క. ఆ పిండిని వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, తీపినీళ్లు దించుదామని గిన్నె అడుగున ఉన్న కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. తట్టాడు, ఊదాడు, గరిటెతో కెలికాడు. లోపలంతా అంబలి.

“నాయనా, ఆ కొట్టమ్మాయికి ఫోన్ చేసి అడుగుతావా, కోళ్లకు పొయ్యమంటావా?” అంది వాళ్లమ్మ ద్రహోమీరా.

ఫోన్ చేసి, చుక్క దిగట్లేదని చెప్పాడు. ఇరవై నిమిషాల్లో బ్లాంకా సైకిలు మీద, హ్యాండిల్‌కు ఓ పొట్టు సంచీ తగిలించుకుని వచ్చేసింది.

“గసగసాల మరలోనా!” నవ్వలేక నవ్వలేక మెట్టు మీద కూలబడింది. “గింజను చితక్కొట్టాలి గానీ పిండి చెయ్యకూడదు మహానుభావా! ఆ పొట్టే మనకు వడకట్టే జల్లెడ. ఏదీ, ఇందులో పొట్టేదీ? నన్నో మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?”

“అడుగుదామనే...” నీళ్లు నమిలాడు రాదిమ్.

తెచ్చిన పొట్టు కలిపింది బ్లాంకా. “కాసేపు దీన్ని కదపకండి. ఇంకో పెద్ద గిన్నె ఉందా?”

“కింద సెల్లార్‌లో... ఆగండాగండి, నేను తెస్తా!”

అప్పటికే ఆమె మెట్లు దిగిపోయింది. తిరిగి వచ్చేసరికి చేతిలో గిన్నె లేదు, ఓ పాకం డబ్బా ఉంది. మూత తియ్యని డబ్బా.

“కింద గోడ పొడుగునా ఇవే ఉన్నాయి. రెండేళ్లలో ఎన్ని కాచారు మీరు?”

“పధ్నాలుగు.”

“మిగతావి ఎందుకు కొన్నట్టు?”

రాదిమ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఇక దాచి ఏం లాభం? “మీ కొట్టుకు ఊరికే రావడం చేతకాక. డబ్బా అయితే వారం వారం రావచ్చు. బస్తా కొంటే క్రిస్మస్ దాకా మిమ్మల్ని చూడ్డమే ఉండదు. మీరంటే నాకు ఇష్టం బ్లాంకా. చాలా ఇష్టం.”

ఆమె డబ్బాను మెల్లగా కింద పెట్టింది.

“డబ్బాలు ఆపించింది మా నాన్న కాదు, నేనే.”

“మీరా? ఎందుకు?”

“ఎందుకా! ఎన్ని నీళ్లు, ఎంతసేపు, అన్నీ దాని మీదే అచ్చేసి ఉంటాయి. ఇక నన్ను అడగడానికి మీకేం మిగిలింది? గింజయితే వంద సందేహాలు వస్తాయి, మాట్లాడక చస్తారా అనుకున్నా. తీరా మీరు ‘నాకు తెలుసు’ అని బస్తా ఎత్తుకుని వెళ్లిపోయారు! వారమంతా నాకు తిండి సయిస్తే ఒట్టు!” కోపంగానే కళ్లు తుడుచుకుంది.

రాదిమ్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చేతికందిన బకెట్ కింద పెట్టి కుళాయి తిప్పాడు. తేనె రంగు నీళ్లు సన్నగా, తేటగా దిగడం మొదలుపెట్టాయి.

“అయితే ఇప్పుడు అడుగుతున్నా,” అన్నాడు. “దీన్ని ఎంతసేపు మరిగించాలి?”

“గంటన్నర.”

“తర్వాత?”

“రెండు వారాలు పులియాలి. ఆ తర్వాత రెండు నెలలు చల్లగా ఊరాలి.”

“అన్నాళ్లూ... నాతో ఉంటావా?”

బ్లాంకా అతని వైపు సూటిగా చూసింది. “ఉంటాను. ఆ మాట మా నాన్నకు మాత్రం నువ్వే చెప్పాలి.”

రాదిమ్ అక్కడికక్కడే ఫోన్ అందుకున్నాడు.