రెండువందల అరవై ఒకటో కుర్చీ

"ఈ ఒక్కరు ఎవరండీ?"

సొసెఫీనా పెన్సిల్ మొనతో కాగితాన్ని పొడిచింది. అపియాలో సముద్రం ఒడ్డున ఉన్న పెళ్ళిహాలుకి ఆమె మేనేజరు. కాగితం మీద పెన్సిలే వాడుతుంది. పెళ్ళివాళ్ళ మాట మీద ఆమెకున్న గౌరవం అంత.

"మొన్న రెండువందల అరవై అన్నారు. ఇవాళ రెండువందల అరవై ఒకటి!"

"ఒకరు పెరిగారు," అన్నాడు తానియేలు, కిటికీలోంచి మబ్బు చూస్తూ.

"నలభైమంది పెరిగితే అడగను. సవాయీ దీవి నుంచి ఫెర్రీ దిగే మీ చుట్టాల లెక్క దేవుడికే తెలీదు. వాళ్ళకోసం వెనకగదిలో నలభై కుర్చీలు దాచా. ఒక్కరే పెరగడం మాత్రం నా సర్వీసులో చూళ్ళేదు."

వచ్చే శనివారం అతని చెల్లెలు తూలియా పెళ్ళి. సమోవాలో చెల్లెలి పనంటే అన్నకి మొక్కులాంటిది. లోటొస్తే పెళ్ళికొడుకుని ఎవరూ ఏమీ అనరు, అన్ననే అంటారు. అందుకే వడ్రంగం పక్కన పెట్టి, మూడువారాల్లో ఆరుసార్లు హాలుకొచ్చాడు. రెండుసార్లు వస్తే సరిపోయేది. ఆ సంగతి వాచ్‌మన్‌కీ, వంటవాళ్ళకీ తెలుసు. తెలియనిది సొసెఫీనాకొక్కదానికేనని అతని నమ్మకం. మగవాళ్ళ నమ్మకాలు ఇలాగే ఏడుస్తాయి.

ఐదింటికి ఆఖరి లెక్క మీద సంతకం. అదయ్యాక ఇక్కడికి రావడానికి సాకుండదు. చెప్పాల్సింది ఇవాళే చెప్పాలి. గోడ గడియారంలో ఐదుకి పది తక్కువ.

"పేరు చెప్పండి, కుర్చీకి చీటీ రాయాలి."

"ఖాళీగా వదిలేయండి."

"దయ్యం వస్తోందా?"

"చుట్టమేనండీ."

"అమ్మగారి వైపా, నాన్నగారి వైపా?"

"అదింకా... తేలలేదు."

రేకుల మీద వాన టపటపా మొదలైంది. రెండు నిమిషాల్లో హాలంతా డప్పు వాయిస్తున్నట్టయింది. సొసెఫీనా బల్లల పటం ముందుకి లాగి గొంతు పెంచింది.

"ఇది మీ అమ్మగారి పక్క కుర్చీ. అక్కడ కూతురు కూర్చోవాలి, ఆవిడేమో పెళ్ళికూతురు. ఇక మిగిలింది కోడలు. మీకు పెళ్ళి కాలేదు కదా?"

"లేదు!"

"మరి?"

తానియేలు చెవులు ఎర్రబడ్డాయి. పటంలో ఆ కుర్చీ వేసినప్పుడు సొసెఫీనా హాయిగా కూర్చోవాలనే చూశాడు కానీ, అది ఎవరి చోటో ఆలోచించలేదు. పటం చూసిన ఏ ముసలమ్మైనా ఒక్క చూపులో చదివేసే మాట అది.

సొసెఫీనా నవ్వు ఆగిపోయింది. "మా అక్క ఆరేళ్ళ నుంచి అత్తారింటి పెళ్ళిళ్ళలో వెనక వంటింట్లోనే ఉంది. పళ్ళాలు మోస్తుంది, కడుగుతుంది. కూర్చుని తిన్న పెళ్ళి ఒక్కటి లేదు. నేనిక్కడ జీతానికి మోస్తున్నా. కోడలినై ఊరికే మోయడానికి నాకేం పిచ్చా?"

"అందుకే కదా కుర్చీ!" వానకి మించి అరిచాడు.

"ఏంటి? వినపళ్ళేదు!"

నిజంగానే వినపడలేదో, మళ్ళీ వినాలనిపించిందో!

"కూర్చోడానికి! నువ్వు! మా అమ్మ పక్కన! ఎప్పటికీ!"

సరిగ్గా అప్పుడే వాన ఆగిపోయింది. 'ఎప్పటికీ' ఒక్కటే హాలంతా తిరిగొచ్చింది. వంటింట్లో గరిటె కిందపడింది. గుమ్మంలో మడిచిన గొడుగు పట్టుకుని తానియేలు తల్లి నిలబడి ఉంది. బల్లలు చూసుకుపోదామని వచ్చిందావిడ.

ఆవిడ మెల్లగా వచ్చి పటం మీదకి వంగింది.

"మా ఇంట్లో కోడళ్ళు పెళ్ళిళ్ళలో కూర్చోరు."

సొసెఫీనా పెన్సిల్ తిరగేసి, రబ్బరు వైపు ఆ కుర్చీ మీద పెట్టింది.

"నేనూ కూర్చోలేదు," అంది తల్లి, దగ్గర్లో ఉన్న కుర్చీలో మూలుగుతూ కూలబడి. "ముప్పైయేళ్ళు నిలబడ్డా. ఈ మోకాళ్ళు అలా అరిగినవే. అమ్మాయ్, ఈ కుర్చీలు గట్టివేనా?"

"గట్టివేనండీ."

"అయితే చెరపకు. పళ్ళాలు వీడు మోస్తాడు. చెల్లెలి పెళ్ళిలో అన్నకి కుర్చీ దేనికి? వీడిది తీసెయ్."

"అమ్మా!"

"ఏరా, అరిచిందంతా ఉత్తుత్తిదేనా?"

తానియేలు పటంలో తన కుర్చీ ఎక్కడుందో వేలితో చూపించాడు. సొసెఫీనా అతని కుర్చీని శ్రద్ధగా, కాస్త అవసరానికి మించిన శ్రద్ధగా చెరిపింది.

"మళ్ళీ రెండువందల అరవయ్యే," అంది. "ఇంత గొడవా దీనికేనా?"

"నువ్వేమీ చెప్పలేదు," అన్నాడతను. గడియారం ఐదు కొట్టింది.

"ఎవరూ అడగలేదుగా. అరిచారంతే."

"సరే, అడుగుతున్నా. ఆ కుర్చీలో కూర్చుంటావా?"

ఆమె ఖాళీ చీటీ ఒకటి తీసింది. పెన్సిల్‌ని చెవి మీద దోపుకుని చెయ్యి చాపింది.

"మీ జేబులో పెన్ను ఇలా ఇవ్వండి."

తన పేరు పూర్తిగా రాసి, సిరా ఆరేదాకా ఊదింది.

"శనివారం నాకు కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకులు ఎక్కువ వడ్డించాలి," అంది తలెత్తకుండా. "చల్లారితే వెనక్కి పంపిస్తా."