తీగ పీకితే బయటపడ్డ రోగం

ఆగండాగండి, ఎక్కడికీ పోకండి, ముందు ఇది వినండి. అది 2074. విజయవాడ ఆటోనగర్‌లో సుత్తి చప్పుడు ఏనాడో ఆగిపోయింది. బండి లోపలికి రాగానే యంత్రాలే పలకరిస్తాయి, యంత్రాలే జబ్బు చెబుతాయి. అలాంటి చోట బేబీరాణి అరుపులు మాత్రం నాలుగు షెడ్ల అవతలికి వినబడుతున్నాయి.

"ఏమీ లేదంటావేంటే? ఏమీ లేకపోతే నిన్న రామవరప్పాడు రింగు దగ్గర ఆపి, నీ కారు విషం కక్కుతోందని నన్నెందుకు నిలదీశారు?"

ఆమెది పాతికేళ్ల నాటి టాక్సీ. కొన్నప్పటి నుంచీ తనే నడుపుతోంది. రోడ్డు మీద అప్పుడప్పుడూ విషవాయువు కక్కే ఆ కారు, షెడ్డుకి తెస్తే ముత్యంలా ఉంటుంది. సాయంత్రంలోగా లోపమేంటో రిపోర్టు రాకపోతే రవాణాశాఖ వాళ్లు దాన్ని తుక్కు కింద కొట్టేస్తారు. అది తప్ప ఆమెకి వేరే బతుకుతెరువు లేదు.

ఇంతకీ ఆమె తిడుతున్నది మనిషిని కాదు, ఇంజనీరు ప్రవల్లిక తయారుచేసిన 'నాడిగుర్తి' అనే యంత్రాన్ని. తీగతో కారుకి తగిలిస్తే చాలు, కారులో ప్రతి భాగం నాడీ చూసి చెబుతుంది. అనుమానమంతా పొగమళ్లింపు వాల్వు మీదే. ఇంగ్లీషులో ఈజీఆర్ వాల్వు అంటారే, అదే. ఇంజన్ వదిలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకే పంపి, మంట వేడి తగ్గించి, విషం పుట్టకుండా చూస్తుంది. అది మూసుకుంటే విషం పెరుగుతుంది. కాకపోతే బండి లాగుడు బావుంటుంది.

"వాల్వు ఆరోగ్యంగా ఉందండి," అంది నాడిగుర్తి మళ్లీ.

"నీ ఆరోగ్యం తగలెయ్య!"

"దాన్నెందుకక్కా తిడతావ్? నన్ను తిట్టు," అంది ప్రవల్లిక.

"నీ వంతూ వస్తది, ఆగు! అంతంత చదువులు చదివావ్, ఒక్క మూత ఎందుకు ఇరుక్కుంటుందో చెప్పలేవూ?"

ఆ కోపంలోనే తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజి అవతల పారేసింది. కారెక్కి యాక్సిలరేటర్ కసిగా తొక్కింది. వెనక పొగగొట్టంలో ప్రవల్లిక ఓ పాతకాలపు మీటర్ పెట్టి ఉంచింది. దానికి తీగ లేదు, సిగ్నల్ లేదు. దాని ముల్లు ఎర్రగీత దాటేసింది!

ప్రవల్లిక పరుగున వెళ్లి తీగ తగిలించింది. ముల్లు పడిపోయింది. తీసింది. లేచింది!

"అక్కా! వాల్వు ఇరుక్కోవట్లేదు. కారే మూసేస్తోంది. ఎవరూ చూడనప్పుడు."

ఆ తరం కార్లలో 'నేర్పరి' అనే చిప్ ఉండేది. నడిపేవాళ్ల అలవాట్లు చూసి, దాని ప్రకారం ఇంజన్ని మార్చుకుంటుంది.

"దొంగబుద్ధి! దీనికెవడు నేర్పాడు? ఆ కంపెనీ వెధవలేగా? పేర్లు చెప్పు, ఒక్కొక్కణ్ణీ కడిగేస్తా!"

నేర్పరి జ్ఞాపకాలన్నీ తవ్వి, నాడిగుర్తి మర్యాదగానే చెప్పింది.

"కంపెనీ కాదండి, మీరే. కెమెరా కనబడితే నెమ్మదిగా పోతారు, బెల్టు పెట్టుకుంటారు. దాటగానే బెల్టు తీసి తొక్కుతారు. పాతికేళ్లుగా ఇంతే. చూసేవాళ్లుంటేనే బుద్ధిగా ఉండాలని నేర్పరికి అర్థమైంది."

"నేనొక్కదాన్నేనా? ఊరంతా అంతేగా!"

"అవునండి. ఊళ్లో ఆ తరం కార్లన్నీ అంతే."

బేబీరాణి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి కారు దిగింది.

"నేర్పరికి ప్రభుత్వం సీలు ఉంది, మనం చదవగలమే గాని మార్చలేం," అంది నాడిగుర్తి. "లోపం వాల్వుదని రవాణాశాఖకి రిపోర్టు పంపితే కొత్త వాల్వు వేసి కారు మీకిచ్చేస్తారు. విషం మాత్రం ఆగదు. లోపం మీదని పంపితే సీలు తీసి నేర్పరిని చెరిపేస్తారు, విషం ఆగుతుంది. మీ లైసెన్సు పోతుంది. ఏది పంపమంటారు?"

ప్రవల్లిక ఏమీ విననట్టు షెడ్డు బయటికి నడిచింది. బేబీరాణికి ఒళ్లు ఇంకా మండిపోతూనే ఉంది, ఎవరి మీదో మాత్రం తెలియట్లేదు. లోపల చూసేవాళ్లు ఎవరూ లేరు.

ఆమె సంగతి సరే, మీరైతే ఏది పంపమంటారు?