ఎర్ర దారం కట్టలు

ఉదయ్ అన్న మీద నాకు ఆనాడూ కోపమే, ఇప్పుడూ కోపమే. నా మీద కూడ.

వరంగల్ మట్టెవాడల బట్టల దుకాణం పైన మా ఆఫీసు; ఓనరు ఉదయ్ అన్న, పనోణ్ణి నేను. నేత సంఘం గది ఖాళీ చేస్తాన్రని, అండ్ల ఉన్న నలభై వేల పాత డిజైన్ కాగితాలు స్కాన్ చేసి కంప్యూటర్ల ఎక్కించే పని మాకు వచ్చింది. సంఘానికి ఒక పద్ధతి ఉంది. నేసే మనిషి చనిపోతే, ఆ మనిషి గీసిన కాగితాలన్నీ ఒక్క కట్ట చేసి, పేరు చీటీ పెట్టి, ఎర్ర దారం చుడతరు. బతికున్నోళ్ళకు ఆ దారం కట్టరు. మా నాయనమ్మ యాదవ్వ కట్ట కూడ అండ్లనే ఉండె. ఆమె పేరు ఇంకెక్కడా రాసి లేదు.

నేను ముందే చెప్పిన. వాడ, వాడల ఇల్లు, ఇంట్ల మనిషి, మనిషి కింద కాగితాలు, ఇట్ల ఫోల్డర్లు చేద్దామన్న. అంత టైం లేదు, అన్నీ ఒక్క ఫోల్డర్ల పారెయ్యమన్నడు అన్న. దారాలు కోసి, చీటీలు చెత్తబుట్టల వెయ్యమన్నడు. కోసింది నేనే. నా చేతులు పడిపోను.

ఒక్క ఫోల్డర్ల వేలకు వేలు కుక్కితే ఏమైతది? కొత్త కాగితం వచ్చినప్పుడల్లా సిస్టం పాతవన్నీ తడుముకోవాలె. మూడో రోజుకు నిమిషానికి నాలుగు కూడ ఎక్కుతలేవు. ఆ సాయంత్రమే ఐదింటికి కాగితాలు గుజ్జు చేసే మిల్లు లారీ ఎక్కుతయి. ఆ తర్వాత ఏది ఎవరిదో చెప్పేటోడు ఉండడు. అన్న మాత్రం కింద చాయ్ తాగుతాండు.

మూడు గంటలప్పుడు గదిల నూలుకు పెట్టే గంజి వాసన మొదలైంది. దుకాణంల నుంచేమో అనుకున్న. తర్వాత గోడ వెనక మగ్గం చప్పుడు... టక్... టక్... ఆ గోడ అవతల రోడ్డు తప్ప ఏం లేదు.

స్క్రీన్ చూసిన. నిమిషానికి నాలుగు వందలు... ఎనిమిది వందలు... ఆ ఒక్క ఫోల్డర్ ఖాళీ అయితాంది. పక్కన వాడలు పుడుతున్నయి. వాడల కింద ఇండ్లు. ఇండ్ల కింద పేర్లు... నేను చెత్తల వేసిన పేర్లు. నేను మౌస్ ముట్టలేదు.

యాదవ్వ కనబడ్డది. ముప్పై ఒక్క కాగితాలు, అన్నీ ఆమెవే. నాకు ఏడుపొచ్చింది.

"నాయనమ్మా..."

చెవి పక్కనే, మెల్లగ... "కోసినవు కద బిడ్డా."

ఆ గొంతుల ఉన్నది కోపం. నాది దాని ముందట కోపమే కాదు.

తిరిగి చూస్తే ఎవ్వరూ లేరు. మగ్గం ఆగింది. యాదవ్వ పేరు కింద ఇంకో పేరు వచ్చింది. అఖిల్. నాదే. లోపల ఒక్క కాగితం... సగం గీసిన డిజైన్. నేను పుట్టి బుద్ధెరిగి డిజైన్ గీయలేదు. చూస్తాంటే ఆ డిజైన్ల ఇంకో వరస దానంతటదే పడ్డది.

ఉదయ్ అన్న పైకి వచ్చిండు. పని అయిపోయిందని చూసి శభాష్ అనబోయిండు. నా చెయ్యి చూసి ఆగిండు.

మణికట్టుకు ఎర్ర దారం. రెండు చుట్లు, గట్టి ముడి.

అన్న కత్తెర అందుకున్నడు.

"కోయకు," అన్న నేను.

ఆనాటి నుంచి రోజూ ఆ కాగితం తెరిచి చూస్తాన. ఇయ్యాల పొద్దుగాల చూస్తే, డిజైన్ నిండటానికి ఇంక రెండు వరసలే మిగిలినయి.